నడివీథిలోని సూర్యబింబములు

కర్నూలు నగరమును ఆనుకొని, నేడు దానితో కలిసిపోయియున్న కల్లూరులో వేసవి మధ్యాహ్నము ఎట్లుండునో ఆ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు. వీథులు నిర్మానుష్యముగా ఉండును. హంద్రీ ఇసుక కన్ను తెరువనీయకుండ మెరయుచుండును. కుక్కలు సైతము గోడ నీడలకు చేరి నాలుకలు చాచుకొని పడియుండును. "మా ఊళ్లో చూడటానికేముంది సార్, ఎండ తప్ప?" అని అచ్చటి పిల్లలు అనుట కద్దు. పాఠ్యపుస్తకములలో హిమాలయములను, కోనసీమ కొబ్బరితోటలను చూచి వచ్చిన పిల్లలకు తమ వాకిలి చప్పగా తోచుట సహజమే. సంవత్సరమునకు సగటున 670 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనవలసిన సీమలో అందము, ఆనందము అనునవి ఎచ్చటనుండియో దిగుమతి కావలసిన సరకులని పెద్దలలో కూడ కొందరు తలచుచుందురు.

ఎండ తప్ప ఏమియు లేదన్నారు గదా! అయినచో ఆ ఎండనే మొదట చూడవచ్చును.

మధ్యాహ్నము పన్నెండు గంటల వేళ వేపచెట్టు క్రింద నిలిచి నేలవైపు చూచినచో నీడలో అక్కడక్కడ వెలుగు మచ్చలు కనిపించును. వేపాకు కొడవలివలె వంకర తిరిగి, అంచులు రంపపు పండ్లవలె ఉండును. అట్టి ఆకుల నడుమనుండు సందులు ఒకటి త్రికోణముగా, ఒకటి చీలికగా, ఇంకొకటి ఏ పేరును పెట్టుటకు వీలులేని ఆకారముతో ఉండును. కాని నేలమీది మచ్చలలో చాలభాగము గుండ్రముగా ఉండును! వంకర సందులగుండ వచ్చిన వెలుగునకు ఈ గుండ్రదనము ఎక్కడినుండి వచ్చినది? ప్రతిదినము నూర్ల మంది ఆ మచ్చలను త్రొక్కుచు పోవుచుందురు గాని ఈ ప్రశ్న వేసికొనువారు తక్కువ.

ఇది నేటి ప్రశ్న కాదు. అరిస్టాటిలు పేరిట వాడుకలోనున్న ఒక ప్రాచీన గ్రీకు ప్రశ్నావళిలోనే, చతురస్రాకారపు రంధ్రములగుండ వచ్చిన ఎండ గుండ్రముగా ఎందుకు పడుచున్నదను ప్రశ్న ఉన్నది. పదకొండవ శతాబ్దములో అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైతమ్ గ్రహణ సమయమున రంధ్రముగుండ పడిన వెలుగు నెలవంకవలె ఉండుటను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసినాడు. కెప్లరు 1604లో ప్రచురించిన తన కాంతిశాస్త్ర గ్రంథములో దీనికి స్పష్టమైన సమాధానము చెప్పినాడు.

ఆ సమాధానము కష్టమైనది కాదు. సూర్యుడు ఒక బిందువు కాడు. ఆకాశమున అరడిగ్రీ వెడల్పుగల బింబము. ఆ బింబములోని ప్రతి బిందువునుండియు వచ్చిన కాంతి ఆకుల సందుగుండ దూరి, నేలమీద ఆ సందు ఆకారముగల చిన్న మచ్చను ఏర్పరచును. బింబములోని బిందువు లన్నియు ఇట్లే చేయును. ఈ చిన్న మచ్చలన్నియు ప్రక్కప్రక్కన చేరి సూర్యబింబపు ఆకారముననే పేర్చబడును. సందు చిన్నదై, నేల తగినంత దూరముగానున్నచో సందు యొక్క వంకర కనుమరుగై, బింబపు గుండ్రదనము మాత్రమే మిగులును. అనగా చెట్టు క్రింద పడియున్నవి కేవలము వెలుగు చుక్కలు కావు; అవి సూర్యుని బొమ్మలు. ప్రతి వేపచెట్టు వందల కొలది సూర్యులను నేలమీద పరచుచున్నది. సూర్యుడు వాలినప్పుడు ఈ బొమ్మలు దీర్ఘవృత్తములుగా సాగును. అప్పుడొక తెల్లకాగితమును కిరణములకు లంబముగా పట్టినచో మరల గుండ్రమగును.

దీనిని తరగతిలో చూపుటకు ఖర్చేమియు లేదు. ఒక అట్టముక్కలో మూడు మిల్లీమీటర్ల త్రికోణపు రంధ్రము చేయవలెను. దానిని కాగితమునకు పది సెంటీమీటర్ల దూరమున పట్టినప్పుడు మచ్చ త్రికోణముగానే ఉండును. దూరము మూడు మీటర్లయినప్పుడు దాదాపు మూడు సెంటీమీటర్ల గుండ్రని మచ్చ అగును. ఇంకను పెద్ద బొమ్మ కావలెనన్నచో చిన్న అద్దపు ముక్కకు కాగితమంటించి, నడుమ చిన్న రంధ్రము విడిచి, ఎండలోనుంచి చీకటి గది గోడమీదికి ప్రతిఫలింపజేయవచ్చును. అద్దమునుండి గోడకు దూరము 10.8 మీటర్లున్నచో గోడమీది సూర్యుడు ఇంచుమించు 10 సెంటీమీటర్ల వ్యాసముతో ఉండును. ఈ దూరమును వ్యాసముచే భాగించిన ఎప్పుడును 108కి సమీపమైన సంఖ్యయే వచ్చును. ఇక విద్యార్థి చేయవలసినది ఒక్క భాగహారము. భూమికి సూర్యునికి నడుమనున్న దూరము సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దానిని 108చే భాగించినచో సుమారు 13 లక్షల 90 వేల కిలోమీటర్లు. అది సూర్యుని వ్యాసము! కల్లూరులో ఒక గోడ, ఒక పగిలిన అద్దము, ఒక కొలబద్ద ఉన్నచో సూర్యుని కొలువవచ్చునన్నమాట. (సూర్యుని నేరుగా చూడరాదనియు, అద్దపు వెలుగును ఒకరి కన్నులలోనికి త్రిప్పరాదనియు పిల్లలకు ముందుగా చెప్పుట మరువరాదు.)

2019 డిసెంబరు 26వ తేదీ ఉదయము సూర్యగ్రహణము కలిగినది. కేరళ, తమిళనాడులలో కొన్నిచోట్ల అది వలయముగా కనిపించగా కర్నూలు ప్రాంతమున పాక్షికముగా కనిపించినది. అట్టి వేళ చెట్టు నీడలోని గుండ్రని మచ్చలన్నియు ఒక్కసారిగా నెలవంకలుగా మారును. అవి సూర్యుని బొమ్మలే అనుటకు ఇంతకంటె వేరు సాక్ష్యము అక్కరలేదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణము హైదరాబాదు సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి జపాల్–రంగాపూరు వేధశాల మీదుగా సాగినప్పుడు శాస్త్రజ్ఞులు యంత్రములతో సిద్ధముగా ఉన్నారు. ప్రజలలో చాలమంది మాత్రము తలుపులు బిగించుకొని ఇండ్లలోనే ఉండిపోయినారు. వాకిట చెట్టు క్రింద నేలమీద పరచుకొన్న నెలవంకలను చూచుటకు కంటికి ఏ ప్రమాదమును లేదు. ఆ సంగతి చెప్పినవారు లేకపోయినారు.

ఎండనుండి ఇంటిలోనికి వచ్చినవారు మొదట చేయు పని నాపరాళ్లు పరచిన నేలమీద కాళ్లు చాచి కూర్చుండుట. ఆ చల్లదనము అనుభవించినవారికే తెలియును. కాని ఉష్ణమాపకమును తెచ్చి, గదిలో చాలసేపటినుండియున్న కొయ్యపీటను, బండను కొలిచినచో రెండింటికి వేడిమిలో చెప్పుకోదగిన భేదము కనిపించదు. భేదమంతయు వేగములో ఉన్నది. సున్నపురాయి కొయ్యకంటె పదిరెట్లకు పైగా ఉష్ణమును తనలోనికి ప్రవహింపనిచ్చును. మన దేహముకంటె చల్లగానున్న బండ పాదములోని వేడిని చురుకుగా లాగికొనును. కొయ్యపీట మెల్లగా తీసికొనును. చర్మము ఆ వేగమునే చల్లదనమని తెలుపును. ఒకే పరిమాణముగల రెండు మంచుముక్కలను పీటమీద ఒకటి, బండమీద ఒకటి ఉంచినచో "చల్లని" బండమీది ముక్కయే ముందు కరగుట చూచి పిల్లలు ఆశ్చర్యపడుదురు. ఎండలోనున్న బండ అరికాలిని మాడ్చివేయుటకు కూడ కారణము ఇదే.

ఇంతకు ఆ బండ ఎక్కడిది? బేతంచెర్ల మొదలగు చోట్లనుండి వచ్చు నాపరాయి ఒకప్పుడు లోతు తక్కువగల సముద్రములో పొరలు పొరలుగా పేరుకొన్న సున్నపు బురద. భూమిపై చెట్టు అనునది పుట్టుటకు ఎంతో పూర్వపు మాట అది. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు ఈ ప్రాంతపు శిలలను వివరించుచు 1872లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించినాడు. నేటికిని భూగర్భ శాస్త్రజ్ఞులు కడప, కర్నూలు పేర్లతోనే ఆ శిలా సముదాయములను పిలుచుచున్నారు. సముద్రము నేడు కర్నూలుకు రెండువందల కిలోమీటర్లకు పైగా తూర్పున ఉన్నది. అయినను మధ్యాహ్నము బండమీద పడుకొని కునుకు తీయు ముసలివాడు ఒక సముద్రపు అడుగుననే పడుకొనియున్నాడు.

జూను మాసములో మృగశిర కార్తె వచ్చును. పడమటినుండి మబ్బు లేచి, దుమ్ము రేగి, నాలుగు పెద్ద చినుకులు పడగానే ఒక వాసన లేచును. దానిని వర్ణించుటకు పూనుకొనుట వృథా. రాయలసీమలో దానిని ఎరుగనివారు లేరు. రైతు గడపలో నిలిచి గాలిని గట్టిగా పీల్చి, "ముంగారు దిగింది" అనును. ఆ వాసన వెనుక గొర్రు, గుంటక, విత్తనపు కాయలు, బాకీలు, పిల్లల చదువులు అన్నియు ఉన్నవి. పదును తగినంత అయినదా లేదా అను ప్రశ్న మరునాటి ఉదయమునకు గాని తేలదు. ఆ నాలుగు నిమిషములు మాత్రము అందరును ఊరక నిలిచి వాసన చూచుదురు.

ఆస్ట్రేలియా కూడ కరువు దేశమే. అచ్చటి ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అను ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1964లో ఈ వాసనను గూర్చి 'నేచర్' పత్రికలో ఒక వ్యాసము ప్రచురించినారు. ఎండిన రాళ్లను, బంకమట్టిని ఆవిరితో బట్టీపట్టగా వారికి పసుపుపచ్చని నూనె లభించినది. ఎండకాలములో మొక్కలు విడుచు నూనెలు మున్నగునవి గాలిలో కలిసి, మట్టికి, రాతికి పట్టియుండుననియు, తేమ తగిలినప్పుడు అవి బయటపడుననియు వారు చెప్పినారు. ఆ వాసనకు 'పెట్రికార్' అని పేరు పెట్టినారు. గ్రీకు భాషలో మొదటి భాగమునకు రాయి అనియు, రెండవదానికి దేవతల నాళములలో ప్రవహించు ద్రవమనియు అర్థము. ఆ నూనె గింజల మొలకను ఆలస్యము చేయునని కూడ మరుసటి సంవత్సరము వారు తెలిపినారు. నాలుగు చినుకులకే మోసపోయి మొలకెత్తిన గింజ మరునాటి ఎండకు మాడిపోవును గదా!

ఉత్తరప్రదేశములోని కన్నౌజులో అత్తరు చేయువారికి ఈ వాసన ఎప్పటినుండియో తెలియును. కాల్చిన మట్టి పెంకులను రాగి పాత్రలలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోనికి పట్టి 'మిట్టీ అత్తరు' తీయుదురు. వాన వాసనను సీసాలో నింపి అమ్మిన వర్తకులు వారు.

ఆ వాసనలో మట్టిదనము ఎక్కువగా ఇచ్చునది మాత్రము సూక్ష్మజీవులు. 1965లో అమెరికాలో గెర్బర్, లెషెవాలియే అనువారు దీనికి మూలమైన పదార్థమును వేరుచేసి 'జియోస్మిన్' అనినారు. మట్టిలో నివసించు స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు దీనిని తయారుచేయును. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్ లభించినది కూడ ఈ జాతినుండియే. బీటురూటు దుంపలోని మట్టి వాసన సైతము ఈ పదార్థపుదే. మానవుని ముక్కు అనేక విషయములలో కుక్క ముక్కుకు తీసికట్టే గాని జియోస్మిన్ విషయములో మాత్రము తక్కువ తినలేదు. ఒక్క గ్రామును పది కోట్ల లీటర్ల నీటిలో కలిపినను కొందరు పసికట్టగలరు. సూక్ష్మజీవులకు ఈ వాసనతో ఏమి పని? మట్టిలో గెంతుచుండు చీమతలకాయంత పురుగులు ఈ వాసనకు ఆకర్షింపబడి వచ్చి, ఆ సూక్ష్మజీవులను తినుచు, వాటి సిద్ధబీజములను ఒంటికి అంటించుకొని దూరముగా చేరవేయుచున్నవని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. మనుష్యుడు సంతోషముతో పీల్చునది ఒక సూక్ష్మజీవి ఒక పురుగునకు పంపిన పిలుపు!

మట్టిలోనున్న వాసన ముక్కువరకు ఎట్లు వచ్చినదను ప్రశ్న చాలకాలము మిగిలియుండినది. 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో జూంగ్, బ్యూయీ అనువారు అతివేగముగా పనిచేయు కెమేరాలతో చినుకును చిత్రించినారు. చినుకు సందులుగల నేలను తాకగానే దాని అడుగున గాలి బుడగలు చిక్కుకొనును. అవి పైకి లేచి, సోడాలో బుడగలు చిట్లినట్లు చిట్లి, కంటికి కానరాని తుంపరలను గాలిలోనికి ఎగజిమ్మును. ఆ తుంపరలతో వాసన లేచును. సన్నని, ఒక మోస్తరు చినుకులకు ఇది ఎక్కువగాను, కుండపోతకు తక్కువగాను జరుగును. వాన బలపడిన కొలది తొలి వాసన తగ్గినట్లుండుటకు ఇదొక కారణము.

రెండవ కారణము ముక్కులో ఉన్నది. దాని సంగతి ముందు చెప్పబడును. ఇచ్చట ఒక మాట అనక తప్పదు. వాన ఎల్లప్పుడు ఆనందమే కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరమును ముంచివేసినవి. ఆ వరద దిగిపోయిన తరువాత ఇండ్లలో మిగిలిన బురద వాసన కూడ మట్టి వాసనయే. ఆ నీటిలో సర్వము పోగొట్టుకొన్న వానికి అది మరొక జ్ఞాపకమును తెచ్చును. వాసన తెలుపు నాడులు మెదడులో భావోద్వేగములకు, జ్ఞాపకములకు సంబంధించిన భాగములకు మిక్కిలి దగ్గరి దారిన పోవుటచేత ఒకే వాసన ఒకనికి పండుగ, ఒకనికి దిగులు కాగలదు.

ఇక ఆ రెండవ కారణము. ఏ వాసనయైనను కొన్ని నిమిషములు పీల్చినచో ముక్కు దానిని తెలుపుట మానును. ఇది ముక్కునకే ప్రత్యేకము కాదు. ఇంగ్లండులో ఎడ్గార్ ఏడ్రియన్ 1926లో నాడీతంతువులను పరిశీలించుచు, ప్రేరణ మారకుండ నిలిచియున్నచో నాడి పంపు సంకేతములు క్రమముగా తగ్గిపోవునని కనుగొన్నాడు. 1932లో ఆయన నోబెల్ బహుమతిని షెరింగ్టనుతో పంచుకొన్నాడు. ఉదయము చేతికి కట్టుకొన్న గడియారము మధ్యాహ్నమునకు ఉన్నదో లేదో చర్మమునకు తెలియకుండుట ఇట్టిదే. కన్ను కూడ అంతే. ఒక చుక్కను కదలక చూచుచున్నచో దాని చుట్టుప్రక్కలనున్నవి మెల్లగా మాసిపోవునని ట్రాక్స్‌లరు 1804లోనే వ్రాసినాడు. కన్ను మనకు తెలియకుండ ఎల్లప్పుడు సన్నగా కదలుచుండును గనుకనే లోకము కనిపించుచున్నది. 1950 దశకములో యుక్తిగా అద్దములను అమర్చి, కన్ను కదలినను బొమ్మ కంటిపొరమీద ఒకేచోట నిలుచునట్లు చేసినారు. కొన్ని క్షణములలో బొమ్మ మాయమైనది!

సంతోషము సంగతి కూడ ఇంచుమించు ఇట్లే ఉన్నది. వుల్ఫ్రాం షుల్ట్స్ అను శాస్త్రజ్ఞుడు కోతుల మెదడులో డోపమిన్ అను పదార్థమును వెలువరించు నాడీకణములను పరిశీలించినాడు. అనుకోకుండ పండ్లరసపు చుక్క నోటబడినప్పుడు ఆ కణములు చురుకుగా స్పందించినవి. ప్రతిసారి రసమునకు ముందు ఒక గుర్తు చూపుచు అలవాటు చేసిన పిమ్మట అవి గుర్తుకు స్పందించినవే గాని రసమునకు స్పందింపలేదు. రసము ఆపివేసినప్పుడు మాత్రము వాటి స్పందన ఆ వేళకు పడిపోయినది. 1997లో 'సైన్స్' పత్రికలో ఆయనయు, సహచరులును ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రములో ప్రసిద్ధమైనది. అనుకొన్నది అనుకొన్నట్లు జరిగినచో ఆ కణములు పలుకవు. పోయినప్పుడు గాని ఉన్నదాని విలువ తెలియదను పెద్దల మాటకు ఇంత దగ్గరగా వచ్చిన ప్రయోగము మరొకటి లేదేమో!

దీనికి తోడు పరధ్యానమొకటి. హార్వర్డు విశ్వవిద్యాలయములో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనువారు 2250 మందిని చేతి ఫోనుల ద్వారా సమయము కాని సమయములలో పలుకరించి, ఏమి చేయుచున్నారో, మనస్సు ఎక్కడ ఉన్నదో, సంతోషముగా ఉన్నారో లేదో అడిగినారు. 2010లో ప్రకటించిన ఫలితముల ప్రకారము నూటికి దాదాపు 47 సందర్భములలో మనస్సు చేయుచున్న పనిమీద లేదు. అట్టి సందర్భములలో సంతోషము కూడ తక్కువగానే ఉన్నది. చిత్రమేమనగా, మనస్సు ఇంపైన విషయములవైపే పోయినను, చేయుచున్న పనిమీద ఉన్నప్పటికంటె సంతోషము పెరిగినట్లు కనిపింపలేదు. తరగతిలో కిటికీ బయటకు చూచు పిల్లవానిని మందలించు ఉపాధ్యాయులు ఈ లెక్క తమకును వర్తించునని గమనింపవలెను.

అయినచో నిత్యము చూచుచున్న వస్తువు మరల కొత్తగా కనిపించుట ఎట్లు? సర్ సి.వి. రామన్ జీవితములో దీనికొక దృష్టాంతము కలదు. తండ్రి విశాఖపట్టణములో కళాశాల ఉపాధ్యాయుడగుటచేత రామన్ అచ్చటి సముద్రపు ఒడ్డున పెరిగి, పదకొండవ యేటనే మెట్రిక్యులేషన్ నెగ్గినాడు. 1921లో ఆయన ఇంగ్లండునుండి ఓడమీద తిరిగి వచ్చుచు మధ్యధరా సముద్రపు నీలిరంగును చూచినాడు. ఓడలోనున్నవారందరును ఆ రంగును చూచినవారే. సముద్రపు నీలము కేవలము ఆకాశపు నీడయని లార్డ్ రేలీ అంతటివాడు చెప్పియుండుటచే ప్రశ్న ముగిసిపోయినట్లే ఉండెడిది. రామన్ మాత్రము జేబులోనున్న నికల్ పట్టకమును తీసి, తగిన కోణమున నీటిని చూచి, పైనుండి ప్రతిఫలించిన ఆకాశపు వెలుగును అణచివేసినాడు. నీలము పోలేదు, మరింత గాఢమైనది! నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని ఆయన ఓడ దిగకమునుపే వ్యాసము సిద్ధము చేసినాడు. 1928 ఫిబ్రవరి 28న వెలువడిన రామన్ ఫలితమునకు దారి అక్కడినుండియే. పూలరేకుల రంగులు, పక్షుల ఈకల మెరుపులు, ముత్యపుచిప్పల తళుకులు ఆయనకు చివరివరకు పరిశోధన విషయములే. ఇతరులకు అలవాటైన రంగును ఆయనకు అలవాటు కానీయనిది ఒక ప్రశ్న. "ఇది ఇట్లెందుకున్నది?" అని అడిగిన క్షణమున ఆ వస్తువు ఊహింపనిది అగును. ఇది ప్రయోగశాలలో తేలిన మాట కాదు. తరగతి గదిలో తేలు మాట.

కల్లూరు పిల్లలు అడుగదగిన ప్రశ్న ఒకటి సిద్ధముగా ఉన్నది. "మధ్యాహ్నము నీడ ఏ దిక్కున పడును?" చాలమంది ఉత్తరమున అందురు. మరికొందరు, మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన ఉండును గనుక నీడయే ఉండదందురు. రెండును సగము తప్పే. కల్లూరు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. డిసెంబరు చివరలో మీటరు పొడవుగల కఱ్ఱకు మధ్యాహ్నపు నీడ 82 సెంటీమీటర్లు, ఉత్తరమునకు. అది దినదినము కుంచించుకొనుచు మే 4వ తేదీ ప్రాంతమున పూర్తిగా మాయమగును. తరువాత మూడు నెలలు మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును! జూను 21న దాని పొడవు సుమారు 13 సెంటీమీటర్లు. ఎండ మండిపోవుచున్నదని తలవంచుకొని నడచువారి కాళ్ల దగ్గరనే ఈ మార్పు జరుగుచుండును.

మే 4న నీడ మాయమగు వేళ గడియారములోని పన్నెండు కాదు. దాదాపు 12 గంటల 15 నిమిషములు. మన గడియారములు అలహాబాదు సమీపపు 82.5 డిగ్రీల రేఖాంశమును అనుసరించి నడచుచుండగా కల్లూరు దానికి పడమరగా ఉండుట ఇందుకు ముఖ్య కారణము. ఆ సమయమున బోరు గొట్టము, దీపపు స్తంభము, బడిలోని జెండా కొయ్య నిలువుగానున్నచో నీడ లేక నిలబడును. ఒక గ్లాసును బోర్లించి చూచిన చాలును. అయితే మే నెలలో బడులకు సెలవులు. తరగతితో కలిసి చూడదలచినవారికి మరల ఆగస్టు 8వ తేదీ ప్రాంతమున అవకాశము వచ్చును. అప్పుడు వేళ 12 గంటల 23 నిమిషములు. చిక్కేమనగా అది వానకాలము. ఆ నాడు బడి ఆవరణలో గ్లాసు బోర్లించుకొని పిల్లలు మబ్బు తొలగవలెనని ఆకాశమువైపు చూచుచుండగా, ప్రహరీ ఆవల వేరుశనగ చేనిలో వారి తండ్రులు ఆ మబ్బు నిలువవలెనని అదే ఆకాశమువైపు చూచుచుందురు.